సెయింట్ పాట్రిక్ నిజంగానే ఐర్లాండ్ నుంచి పాములను తరిమేశాడా? ఆయన పేరిట ఏటా జరిగే మార్చి 17 పండుగ వెనుక అసలు కథ ఏమిటి? ఆ సమయానికి ఐర్లాండ్ వస్తే ఏం చూడాలి?

తరమలేదు. 5వ శతాబ్దంలో ఐర్లాండ్‌లో క్రైస్తవాన్ని ప్రచారం చేసిన ఈ బిషప్ అడుగుపెట్టేనాటికి అక్కడ తరమడానికి పాములే లేవు. మూడాకుల మొక్క చూపించి త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న నమ్మకాన్ని) బోధించాడన్న కథ కూడా ఆయన చనిపోయిన వెయ్యేళ్ళకు పైగా గడిచాకే రాతలోకి ఎక్కింది. జవాబు ఇక్కడితో ఆపేయవచ్చు. కానీ ఆపేస్తే పాట్రిక్‌కు అన్యాయం చేసినట్టే. పాములూ ఆకులూ పక్కన పెట్టాక మిగిలే మనిషి ఆ కథలన్నిటికంటే గొప్పవాడు. ఆయన గురించి తెలుసుకోవడానికి ఇంకొకరి మాట నమ్మాల్సిన పని కూడా లేదు, తన సంగతి తానే రాసిపెట్టి వెళ్ళాడు.

మా సొంతూరు తెనాలి. ఐర్లాండ్ పశ్చిమ తీరంలో మేయో కౌంటీలో, వృద్ధులు ఉండే నర్సింగ్ హోమ్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఈ పండుగ గురించి నాకు తెలిసినదాంట్లో కొంత అక్కడి పెద్దవాళ్ళ నోట విన్నది, మిగతాది వాళ్ళు చెప్పినవి విన్నాక కుతూహలం ఆగక చదువుకున్నది. ఈ జవాబులో రెండూ కలిసే ఉంటాయి.

పాట్రిక్ లాటిన్‌లో రాసినవి రెండే మనదాకా వచ్చాయి. ఒకటి 'కన్ఫెసియో'. తన జీవితం గురించీ, తన మీద పడ్డ నిందల గురించీ ముసలితనంలో చెప్పుకున్నది. రెండోది కొరోటికస్ అనే నాయకుడి సైనికులకు రాసిన ఉత్తరం. రెండూ 5వ శతాబ్దానివి. ఐర్లాండ్‌లో రాసిన పుస్తకాల్లో, లేఖల్లో మనకు దక్కిన అతి పాతవి ఇవే.

ఆయన పుట్టుకతో ఐరిష్‌వాడు కాదు. రోమన్ సంస్కృతిలో ఉన్న బ్రిటన్‌లో, కాస్త కలిగిన కుటుంబంలో పుట్టాడు. తండ్రి కల్పోర్నియస్ చర్చిలో డీకన్, ఊరి పాలక మండలిలో సభ్యుడు కూడా. తాత పొటిటస్ ప్రీస్టు. అయినా ఆ వయసులో తనకు దేవుడి ధ్యాసే లేదని ఆయనే రాసుకున్నాడు. దాదాపు పదహారేళ్ళప్పుడు సముద్రం దాటి వచ్చిన ఐరిష్ దోపిడీ ముఠా ఎత్తుకుపోయింది. తనతోపాటు వేలమంది అలాగే బందీలయ్యారని అంటాడు. ఆరేళ్ళు బానిసగా మందలు కాశాడు. తెల్లవారకముందే లేచి, మంచులో, వానలో, పగలు నూరుసార్లు, రాత్రి మళ్ళీ దాదాపు అన్నిసార్లు ప్రార్థన చేసేవాడట. తోడు ఎవరూ లేని కుర్రాడికి ఆ ప్రార్థనే మాట్లాడుకునే దిక్కు అయి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

ఒక రాత్రి కలలో 'నీ ఓడ సిద్ధంగా ఉంది' అని ఒక గొంతు వినిపించింది. ఓడ దగ్గర్లో లేదు, సుమారు రెండు వందల మైళ్ళ అవతల ఉంది. యజమానిని వదిలి, ముక్కూ మొహం తెలియని దారిలో అంత దూరం నడిచాడు. తీరా వెళ్తే ఓడ నాయకుడు కోపంగా కుదరదు పొమ్మన్నాడు. వెనక్కి తిరిగి ప్రార్థన చేసుకుంటూ పోతుంటే ఓడవాళ్ళలో ఒకడు కేకేసి పిలిచాడు. మూడు రోజులు సముద్రం మీద. దిగాక ఇరవై ఎనిమిది రోజులు మనిషి జాడలేని నేల మీద ఆకలితో నడక. చివరికి ఇల్లు చేరాడు. ఇంత కష్టపడ్డావు, ఇక మమ్మల్ని వదిలి వెళ్ళకు నాయనా అని ఇంట్లోవాళ్ళు బతిమాలారు.

కానీ వెళ్ళాడు. మళ్ళీ ఒక కల. విక్టోరికస్ అనే మనిషి ఐర్లాండ్ నుంచి లెక్కలేనన్ని ఉత్తరాలు పట్టుకొచ్చాడు. ఒకటి ఇచ్చాడు, దాని మీద 'ఐరిష్ ప్రజల గొంతు' అని ఉంది. అది చదువుతుండగానే, పడమటి సముద్రం పక్కన ఫోక్లుట్ అడవి దగ్గరి జనం ఒక్క గొంతుతో పిలిచారు: పవిత్ర బాలకా, వచ్చి మళ్ళీ మా మధ్య నడువు అని. గుండె చెదిరి ఇక చదవలేకపోయానని, మెలకువ వచ్చేసిందని రాశాడు. తనను బానిసను చేసిన దేశానికే తర్వాత బిషప్‌గా తిరిగి వెళ్ళి, ప్రాణం పోయేదాకా అక్కడే ఉండిపోయాడు.

ఆయన రాతల్లో పేరుతో కనిపించే ఐర్లాండ్ స్థలం ఆ ఫోక్లుట్ ఒక్కటే. అది మా మేయో కౌంటీలోనే, కిల్లాలా దగ్గర ఉండేదని చెబుతారు. ఇక్కడి పెద్దవాళ్ళకు ఇది ఎంత గర్వమో చెప్పలేను. ఉత్తరాన ఆంట్రిమ్‌లో ఉన్నవాళ్ళు మాత్రం ఆయన మందలు కాసింది తమ స్లెమిష్ కొండ మీదే అంటారు. ఏటా మార్చి 17న ఆ కొండ ఎక్కుతారు కూడా.

ఇక కొరోటికస్ సైనికులకు రాసిన లేఖ. నా వరకు పాట్రిక్ అంటే ఈ లేఖే. కొరోటికస్ సైనికులు వచ్చి, పాట్రిక్ బాప్తిస్మం ఇచ్చిన కొత్త విశ్వాసుల మీద పడ్డారు. ముందు రోజే బాప్తిస్మం అయింది, ఇంకా తెల్లబట్టల్లోనే ఉన్నారు, నుదుటి మీద పూసిన తైలం వాసన కూడా పోలేదు. కొందరిని నరికేశారు, మిగతావాళ్ళను అమ్ముకోవడానికి పట్టుకుపోయారు. బందీలను వదలమని పాట్రిక్ ఒక ప్రీస్టు చేత మొదట ఒక లేఖ పంపాడు. వాళ్ళు నవ్వారు. అప్పుడు రాసింది ఈ రెండో లేఖ. దీన్ని అందరి ముందూ, కొరోటికస్ ఎదుట కూడా, చదివి వినిపించమని కోరాడు. ఆ సైనికులతో కలిసి తినవద్దు, తాగవద్దు, వాళ్ళు పశ్చాత్తాపపడి ఆ మనుషులను విడిచిపెట్టేదాకా వాళ్ళ దానాలు ముట్టుకోవద్దు అని క్రైస్తవులందరికీ చెప్పాడు. ఆ సైనికులు కూడా పేరుకు క్రైస్తవులే మరి.

మనం ఐరిష్‌వాళ్ళమని వాళ్ళకు చిన్నచూపు అని ఆ లేఖలో ఒకచోట అంటాడు. 'మనం' అని. బ్రిటన్‌లో పుట్టి, ఐరిష్ చేతుల్లో బానిసైనవాడు! కన్ఫెసియోలో ఇంకో మాట ఉంది, దాన్ని చాలాసార్లు చదువుకున్నాను. క్రైస్తవులైన ఆడవాళ్ళందరిలోనూ ఎక్కువ బాధ పడేది బానిసత్వంలో ఉన్న ఆడవాళ్ళేనని, వాళ్ళు ఎప్పుడూ భయాన్నీ బెదిరింపులనూ భరిస్తూ బతకాలని రాశాడు. బానిసత్వమే పోవాలని ఆయన అన్నాడని చెప్పను, అంత మాట ఆయన రాతల్లో కనిపించదు. కానీ పట్టుకుపోయిన మనిషికి లోపల ఏమవుతుందో అనుభవించినవాడు కలం పట్టి అధికారంలో ఉన్నవాడిని నిలదీయడం, అదీ 5వ శతాబ్దంలో, ఎంత అరుదో ఆలోచించండి. మార్చి 17న ఆకుపచ్చ టోపీల ఫోటోలు పెట్టేవాళ్ళలో ఎంతమందికి ఇది తెలుసు అని ప్రతి ఏడూ అనుకుంటాను.

మరి పాములు, మంటలు, మంత్రగాళ్ళతో పోటీలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆయన పోయిన దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత, 7వ శతాబ్దం చివర్లో ముయిర్ఖు, టిరెఖాన్ అని ఇద్దరు చరిత్రలు రాశారు. అప్పటికి ఆర్మా చర్చి తానే పాట్రిక్ పీఠమనీ, ఐర్లాండ్ మొత్తం తన కిందే ఉండాలనీ గట్టిగా పట్టుబడుతోంది. అందుకు రాజులను గెలిచే పాట్రిక్ కావాలి, పశువుల మందల్లో ఏడ్చిన కుర్రాడు సరిపోడు. ముయిర్ఖు చెప్పిన కథలో టారా రాజు లియరీ తన మంట వెలిగేదాకా దేశంలో ఎక్కడా నిప్పు రాజకూడదని శాసిస్తాడు. పాట్రిక్ ఎదురుగా స్లేన్ కొండ మీద ఈస్టర్ మంట వెలిగిస్తాడు. దీన్ని ఈ రాత్రే ఆర్పకపోతే ఎప్పటికీ ఆరదని రాజు దగ్గరి పాత మతపు పూజారులైన డ్రూయిడ్‌లు హెచ్చరిస్తారు. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది, అంత బాగా చెప్పాడు. పాట్రిక్ స్వయంగా రాసినదాంట్లో మాత్రం ఇవేవీ లేవు. రాజులకు కానుకలు ఇచ్చుకుంటూ, రాజుల కొడుకులను తోడు తీసుకెళ్తూ, ఒక్కోసారి సంకెళ్ళలో పడుతూ తిరిగిన మనిషే అందులో ఉన్నాడు. ఆయనే మొదటి క్రైస్తవ ప్రచారకుడు అన్నది కూడా సరికాదు. 431లోనే పోప్ సెలెస్టీన్ పల్లాడియస్ అనే బిషప్‌ను ఐర్లాండ్‌లో అప్పటికే ఉన్న విశ్వాసుల కోసం పంపాడు.

పాముల సంగతికి వద్దాం. మంచుయుగంలో ఐర్లాండ్‌లో పాములు బతికే వీలు లేదు. మంచు కరిగి అవి మెల్లగా ఉత్తరానికి పాకేలోపే సముద్రం అడ్డం వచ్చేసింది. బ్రిటన్‌కు మూడు జాతుల పాములు చేరగలిగాయి, ఐర్లాండ్‌కు ఒక్కటీ రాలేదు. ఇక్కడ సహజంగా ఉన్న నేలమీది సరీసృపం ఒక చిన్న బల్లి మాత్రమే. పాట్రిక్ పుట్టకముందే, 3వ శతాబ్దంలో సొలినస్ అనే రోమన్ రచయిత ఐర్లాండ్‌లో పాములు లేవని రాశాడు. పాములు ఎందుకు లేవు అన్న ప్రశ్న ముందు నుంచీ ఉంది, దానికి జవాబుగా సాధువు పేరు తర్వాత వచ్చి చేరింది. 12వ శతాబ్దంలో జోసెలిన్ అనే సన్యాసి పాట్రిక్ చరిత్ర రాస్తూ ఈ అద్భుతాన్ని గట్టిగా చెప్పాడు. అదే శతాబ్దంలో వేల్స్‌కు చెందిన జెరాల్డ్ మాత్రం అది సరదా కథేనని తేల్చేశాడు.

పాములంటే డ్రూయిడ్‌లు అని, వాళ్ళను పాట్రిక్ ఊచకోత కోశాడని ఇంటర్నెట్‌లో ప్రతి మార్చిలో తిరుగుతూ ఉంటుంది. దయచేసి నమ్మకండి. ఆయన తర్వాత రెండు వందల ఏళ్ళకు కూడా ఐరిష్ చట్ట గ్రంథాల్లో డ్రూయిడ్‌లు కనిపిస్తారు, హోదా తగ్గినా ఉన్నారు. ఆ దేశం క్రైస్తవంలోకి మారింది తరాల తరబడి, నెమ్మదిగా.

పాములను తరిమిన చోటు అని జనం చూపించే కొండ మాకు దగ్గర్లోనే ఉంది. క్రో పాట్రిక్. ఇక్కడివాళ్ళు 'రీక్' అంటారు. ఎత్తు 764 మీటర్లు. పాట్రిక్ దాని మీద నలభై రోజులు ఉపవాసం ఉన్నాడని, నల్లటి పక్షులు గుంపులుగా వచ్చి ఆయన్ను వేధించాయని పాత కథ. ఏటా జూలై చివరి ఆదివారం వేలమంది ఎక్కుతారు, కొంతమంది చెప్పులు లేకుండా. అది పాత కాలపు కోతల పండుగ లూనసా దగ్గరి రోజు కాబట్టి క్రైస్తవం రాకముందు నుంచే ఈ కొండకు మొక్కులు ఉండేవని అంటారు. నేను ఎక్కినప్పుడు మొదటి సగం బాగానే సాగింది. పైన శంకువు ఆకారంలో నిలబడ్డ భాగం మాత్రం పూర్తిగా జారిపోయే రాళ్ళు. రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కి. నా పక్కన ఒక పెద్దాయన ఒట్టి కాళ్ళతో, చేతికర్ర పట్టుకుని, ఒక్కమాట మాట్లాడకుండా ఎక్కుతూ ఉన్నాడు. మోకాళ్ళ మీద తిరుమల మెట్లు ఎక్కే మనవాళ్ళు గుర్తొచ్చారు. పైన 1905లో కట్టిన చిన్న గుడి ఉంది, కింద క్లూ బే నిండా చిన్న చిన్న దీవులు.

కొండ కింద మరిస్క్ ఊళ్ళో కంచుతో చేసిన ఓడ శిల్పం ఒకటి ఉంది, తాళ్ళ స్థానంలో అస్థిపంజరాలు. అది కరువు స్మారకం. ఈ పండుగ ప్రపంచమంతా ఎలా పాకిందో అర్థం కావాలంటే ఆ ఓడ ముందు కాసేపు నిలబడాలి. 1845లో బంగాళదుంప తెగులుతో మొదలైన కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది కొన్నేళ్ళలో ఓడలెక్కి వెళ్ళిపోయారు. అమెరికా చేరినవాళ్ళను అక్కడివాళ్ళు ఈసడించుకున్నారు. వాళ్ళకు మార్చి 17 అంటే మేమూ ఉన్నాం, మేమూ మనుషులమే అని వీధిలో నిలబడి చూపించే రోజు.

ఊరేగింపు అసలు మొదలైంది కూడా ఐర్లాండ్ బయటే. ఇప్పటిదాకా దొరికిన అతి పాత దాఖలా 1601లో ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టిన్‌ది, అప్పుడది స్పెయిన్ ఏలుబడిలోని ఊరు, అక్కడి మతగురువు ఐరిష్‌వాడు. న్యూయార్క్ పెరేడ్ 1762 నుంచి. చికాగో నదిని పచ్చగా మార్చడం 1962లో మొదలైంది. ఐర్లాండ్‌లో మాత్రం చాలాకాలం ఇది ప్రధానంగా చర్చి పండుగే. వాటర్‌ఫర్డ్‌లో పుట్టిన ఫ్రాన్సిస్కన్ పండితుడు లూక్ వాడింగ్ పట్టుబట్టడంతో 17వ శతాబ్దంలో మార్చి 17 రోమ్ చర్చి క్యాలెండర్‌లో చేరింది. 1903లో ప్రభుత్వ సెలవు అయింది.

మా నర్సింగ్ హోమ్‌లో ఎనభై, తొంభై ఏళ్ళవాళ్ళు చెప్పే పండుగ వింటే మీరు టీవీలో చూసేది వేరే ఏదో అనిపిస్తుంది. 1920ల నుంచి దాదాపు 1960 దాకా ఆ రోజు చట్టప్రకారం పబ్బులన్నీ మూసేసేవారు. పొద్దున్నే చర్చిలో మాస్ ఆరాధన. పిల్లల కోటుకు ఆకుపచ్చ రిబ్బన్ బ్యాడ్జి. లెంట్ ఉపవాస దినాల మధ్యలో వచ్చే పండుగ కాబట్టి నలభై రోజులు మానేసిన మిఠాయి ఆ ఒక్కరోజు తినొచ్చు. ఒక పెద్దావిడ ఇప్పటికీ ఆ మిఠాయి సంగతి చెబుతుంటే కళ్ళు మెరుస్తాయి. అందరూ చెప్పే ఇంకో సంగతి ఉత్తరాలు. పండుగకు ఒక వారం ముందే పొలం గట్ల మీద, మొదట్లో చెప్పిన మూడాకుల మొక్క షామ్‌రాక్ ఏరి, తడి గుడ్డలోనో నాచులోనో చుట్టి, డబ్బాలో పెట్టి ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఉన్న అన్నలకు, అక్కలకు పోస్ట్ చేసేవారట. చేరేసరికి వాడిపోయేది. అయినా కోటుకు గుచ్చుకుని మాస్‌కు వెళ్ళేవాళ్ళట. మేయో నుంచి వలస పోని ఇల్లు లేదు. అది వింటుంటే, సంక్రాంతికి మా అమ్మ పార్శిల్ చేసిన అరిసెలు ఇక్కడికి చేరినప్పుడు నాకు కలిగే సంతోషం వాళ్ళకు వివరించాల్సిన పని లేకపోయింది.

షామ్‌రాక్ ధరించడం 1681 నాటికే ఒక ఇంగ్లీష్ యాత్రికుడు చూసి రాశాడు. త్రిత్వం కథ మాత్రం 1726లో కేలబ్ థ్రెల్‌కెల్డ్ రాసిన మొక్కల పుస్తకంలో మొదటిసారి కనిపిస్తుంది. షామ్‌రాక్ అని ప్రత్యేకంగా ఒక మొక్క కూడా లేదు. వృక్షశాస్త్రజ్ఞులు జనాన్ని అడిగి మొక్కలు తెప్పించుకుని చూస్తే రకరకాల క్లోవర్‌లు వచ్చాయి, పసుపు పూల చిన్న క్లోవర్ ఎక్కువ, తెల్లపూలది దాని తర్వాత. రంగు సంగతి కూడా ఇలాంటిదే. 1783లో స్థాపించిన సెయింట్ పాట్రిక్ వీరుల సంఘం రంగు నీలం. బ్రిటిష్ పాలన మీద 1798లో జరిగిన తిరుగుబాటు నాటికి ఆకుపచ్చ జనం రంగు అయిపోయింది, నీలం వెనక్కి పోయింది.

ఇంకొక చోటు గురించి చెప్పకపోతే మనసు ఒప్పదు. కరీబియన్‌లో మోంట్సెరాట్ అనే చిన్న దీవిలో కూడా మార్చి 17 ప్రభుత్వ సెలవు. అక్కడ ఐరిష్ సంతతి భూస్వాములకు ఆఫ్రికన్ బానిసలు ఉండేవారు. 1768లో, యజమానులంతా పండుగ మత్తులో ఉంటారని, బానిసలు సరిగ్గా ఆ రోజుకే తిరుగుబాటు తలపెట్టారు. విషయం ముందే పొక్కింది, నాయకులను ఉరితీశారు. ఇవాళ ఆ దీవి జనం ఆ రోజును వాళ్ళను తలుచుకుంటూ జరుపుకుంటారు. బానిసగా బతికిన సాధువు పండుగ రోజున బానిసలను ఉంచుకున్నవాళ్ళు విందులు చేసుకున్నారు. కొరోటికస్ ఉత్తరం వాళ్ళలో ఒక్కరైనా చదివి ఉంటే బాగుండేది.

మన వైపు కూడా చిన్న ముడి ఉంది. సికింద్రాబాద్‌లో సెయింట్ పాట్రిక్స్ హైస్కూల్ చాలామందికి తెలిసిందే. 19వ శతాబ్దంలో హైదరాబాద్ కాథలిక్ మిషన్‌ను నడిపిన బిషప్ డేనియల్ మర్ఫీ ఐర్లాండ్‌లోని కార్క్ ప్రాంతం నుంచి వచ్చినవాడే.

మీ ప్రశ్నలో చివర్లో, ఆ సమయానికి ఐర్లాండ్ వస్తే ఏం చూడాలని అడిగారు. డబ్లిన్ పెరేడ్ బాగుంటుంది, కానీ విపరీతమైన రద్దీ. పిల్లలుంటే చిన్న ఊళ్ళ పెరేడ్‌లు మేలు. ట్రాక్టర్లు, ఊరి ఫుట్‌బాల్ టీమ్, బడి పిల్లలు నడుస్తారు, ఇప్పుడు చాలాచోట్ల మన భారతీయులు కూడా చీరలు కట్టుకుని నడుస్తున్నారు. డబ్లిన్ నేషనల్ మ్యూజియంలో సెయింట్ పాట్రిక్ గంట అని పిలిచే పాత ఇనుప గంట, దాని కోసం 1100 ప్రాంతంలో చేయించిన నగిషీల తొడుగు తప్పక చూడండి. ఉత్తరాన డౌన్‌పాట్రిక్‌లో ఆయన సమాధి అని చూపించే చోట పెద్ద రాయి ఉంటుంది, అది 1900లో పెట్టినది. క్రో పాట్రిక్ మాత్రం మార్చిలో ఎక్కవద్దు, పైన గాలి, మబ్బు చాలా ప్రమాదం. జూన్, జూలైలలో మంచి బూట్లు, చేతికర్రతో రండి. రాలేకపోయినా పాట్రిక్ రాసిన ఆ రెండూ చదవండి. రాయల్ ఐరిష్ అకాడమీ వాళ్ళు లాటిన్ మూలంతో, ఇంగ్లీష్ అనువాదంతో ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. ముందు కొరోటికస్ ఉత్తరంతో మొదలుపెట్టండి, చిన్నది, అరగంటలో అయిపోతుంది.